పాత పాప్ ఆల్బమ్ మళ్లీ వినడం ఎలా: చార్టు చదవడం నుంచి క్యాసెట్ రీలు దాకా

ముందు ఒక సంవత్సరం ఎంచుకోండి. గాయకుడి పేరుతో మొదలుపెట్టొద్దు. పేరుతో మొదలుపెడితే మనకు తెలిసిన నలుగురైదుగురి దగ్గరే ఆగిపోతాం, వాళ్లవి కూడా తెలిసిన పాటలే వింటాం. సంవత్సరంతో మొదలుపెడితే ఆ ఏడాది ఎవరెవరు పక్కపక్కన అమ్ముడుపోయారో కనిపిస్తుంది. ఆ ఏడాదితో మీకు ఏదో ఒక సంబంధం ఉంటే ఇంకా మంచిది. మీరు టెన్త్ రాసిన ఏడాది కావచ్చు, ఇంటికి కేబుల్ కనెక్షన్ వచ్చిన ఏడాది కావచ్చు, మేనమామ దుబాయ్ నుంచి రేడియో, టేపురికార్డర్ కలిసిన టూ ఇన్ వన్ తెచ్చిన ఏడాది కావచ్చు. ఇరవై ఏళ్ల వయసువాళ్లయితే అమ్మానాన్నల పెళ్లయిన ఏడాది తీసుకోండి. వాళ్లిద్దరినీ కూర్చోబెట్టి వినిపించే వంక కూడా దొరుకుతుంది.

మనలో చాలామందికి ఆల్బమ్‌ను ఆల్బమ్‌గా వినే అలవాటు లేదు. అందుకు కారణం ఉంది. మన దగ్గర క్యాసెట్ అంటే సినిమా పాటలే. ఏ సైడు ఒక సినిమా, బి సైడు ఇంకో సినిమా వచ్చేవి. పాట వెనక ఎప్పుడూ ఒక సన్నివేశం ఉండేది, తెర మీద కథ ఉండేది. పాప్ ఆల్బమ్‌కు ఆ కథ ఉండదు. ఏ పాటతో మొదలవ్వాలి, దేని తర్వాత ఏది రావాలి, సైడు ఎక్కడ ముగియాలి అన్న వరుసే దానికి కథ. మైకేల్ జాక్సన్ ‘బిల్లీ జీన్’ లెక్కలేనన్ని సార్లు విన్నవాళ్లలో ‘థ్రిల్లర్’ ఆల్బమ్ మొదటి నుంచి చివరి దాకా విన్నవాళ్లు ఎంతమంది ఉంటారో అడిగి చూడండి. ఆ వరుసను, అందులో హిట్ కాని పాటలను వినడానికే ఇక్కడ చెప్పే ఏర్పాటంతా.

చార్టు తెరవండి, మూడు ఆల్బమ్‌లు తీయండి

చార్టు అంటే ఆ వారం ఏది ఎక్కువ అమ్ముడుపోయిందో చెప్పే వరుస జాబితా. అమెరికా ఆల్బమ్ చార్టును బిల్‌బోర్డ్ పత్రిక 1956 మార్చి నుంచి వారం వారం వేస్తోంది. బ్రిటన్ ఆల్బమ్ చార్టు కూడా అదే ఏడాది జులైలో మొదలైంది. రెండింటి పాత లెక్కలూ వాళ్ల వెబ్‌సైట్లలో తేదీ ఇచ్చి చూసుకోవచ్చు. బిల్‌బోర్డ్ పాత సంచికలు చాలావరకు గూగుల్ బుక్స్‌లో పేజీలకు పేజీలు స్కాన్ చేసి ఉన్నాయి. నేనైతే పేజీనే చూడమంటాను. ఆ పక్కన ఉన్న ప్రకటనలు, కింద చిన్న అక్షరాల్లో ఉన్న వార్తలు కలిస్తేనే ఆ వారం ఎలా ఉండేదో తెలుస్తుంది.

మీరు ఎంచుకున్న ఏడాదిలో ఒకే ఒక వారం తీసుకుని, అందులోంచి రెండు ఆల్బమ్‌లు రాసుకోండి. ఒకటి ఆ వారం మొదటి స్థానంలో ఉన్నది. రెండోది ఇరవై, యాభై మధ్య ఎక్కడో ఉండి, చార్టులో ఎన్ని వారాలుగా ఉందో చెప్పే గడిలో పెద్ద అంకె ఉన్నది. అలా నెలల తరబడి మధ్యలో నిలబడ్డ ఆల్బమ్‌ను జనం నిజంగా ఇంట్లో పెట్టుకుని విన్నారని అర్థం. మూడోది ఆ చార్టులో దొరకదు, అది మన దేశానిది కావాలి. దాని సంగతి కాసేపట్లో.

నంబర్ దేన్ని లెక్కపెట్టిందో చూడండి

ఈ మెట్టు దాటేసి నేరుగా పాట పెట్టేయాలనిపిస్తుంది. దాటేయకండి. చార్టులో ఒకటి అన్న అంకె 1985లో ఒక అర్థంతో ఉంది, 1995లో మరో అర్థంతో ఉంది, ఇప్పుడు ఇంకో అర్థంతో ఉంది.

1991 మే నెల దాకా బిల్‌బోర్డ్ వాళ్లు దుకాణాలకు ఫోన్ చేసి ఏది బాగా పోతోందని అడిగేవారు. కౌంటర్లో ఉన్నవాళ్లు చెప్పిందే లెక్క. వాళ్లకు నచ్చిన సంగీతం కాస్త పైకి జరిగేది, నచ్చనిది కిందికి పోయేది. ఆ నెల చివర్లో సౌండ్‌స్కాన్ పద్ధతి వచ్చింది. దుకాణంలో బార్‌కోడ్ స్కాన్ అయిన ప్రతి అమ్మకం నేరుగా లెక్కలోకి చేరడం మొదలైంది. అంతవరకు చార్టులో కింద కనిపించిన కంట్రీ సంగీతం (అమెరికా పల్లె బాణీ), ర్యాప్ ఒక్కసారిగా పైకి వచ్చాయి. గార్త్ బ్రూక్స్ ‘రోపిన్ ద విండ్’ అదే ఏడాది సెప్టెంబర్‌లో వచ్చిన వారమే మొదటి స్థానంలో దిగింది. ఒక కంట్రీ ఆల్బమ్‌కు అలా జరగడం అదే మొదటిసారి. వినేవాళ్లు అంతకుముందు కూడా ఉన్నారు, వాళ్లను లెక్కపెట్టినవాళ్లే లేరు.

మీరు ఎంచుకున్నది 1990ల మధ్య సంవత్సరమైతే ఇంకో సంగతి చూసుకోవాలి. ఆ రోజుల్లో అమెరికా కంపెనీలు చాలా పాటలను రేడియోకి మాత్రమే ఇచ్చి, విడి సింగిల్‌గా అమ్మేవి కావు. ఆ ఒక్క పాట కావాలంటే ఆల్బమ్ మొత్తం కొనాల్సిందే. 1998 డిసెంబర్ దాకా దుకాణంలో అమ్మని పాటకు బిల్‌బోర్డ్ వాళ్ల పాటల చార్టు హాట్ 100లో చోటు కూడా లేదు. నో డౌట్ బృందం పాడిన ‘డోంట్ స్పీక్’ రేడియో చార్టులో 16 వారాలు మొదటి స్థానంలో ఉండి కూడా హాట్ 100లో ఒక్కసారీ కనిపించకపోవడానికి కారణం అదే. కాబట్టి ఆ కాలపు ఆల్బమ్ అమ్మకాల్లో ఎంత భాగం ఆల్బమ్ మీద ఇష్టం, ఎంత భాగం ఒక్క పాట మీద ఇష్టం అన్నది చెవితోనే తేల్చుకోవాలి.

2009 జూన్ 25న మైకేల్ జాక్సన్ చనిపోయాక ఆయన పాత ఆల్బమ్‌లు ఆ వారం మొదటి స్థానంలో ఉన్న కొత్త ఆల్బమ్ కన్నా ఎక్కువ అమ్ముడుపోయాయి. అయినా వాళ్ల ప్రధాన ఆల్బమ్ చార్టు బిల్‌బోర్డ్ 200లోకి రాలేదు. పాత ఆల్బమ్‌లకు ప్రధాన చార్టులో చోటు లేదన్న నిబంధన అప్పుడు ఉండేది. ఆ ఏడాది చివర్లో దాన్ని తీసేశారు. 1973లో వచ్చిన పింక్ ఫ్లాయిడ్ ‘ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ తొమ్మిది వందల వారాలు దాటిందంటే అందులో ఈ మార్పుకూ వాటా ఉంది. 2014 డిసెంబర్ నుంచి స్ట్రీమింగ్ కూడా లెక్కలోకి వచ్చింది. మొదట్లో 1,500 సార్లు పాట వింటే ఒక ఆల్బమ్ అమ్మినట్టు లెక్కగట్టారు. అంటే ఒకే పాటను జనం పదే పదే విన్నా ఆల్బమ్ పైకి పోతుంది.

మరి మన సంగతి? 1952లో రేడియో సిలోన్‌లో అమీన్ సయానీ మొదలుపెట్టిన ‘బినాకా గీత్‌మాలా’ దశాబ్దాల పాటు దేశానికి చార్టు. కానీ అందులో వచ్చేవి హిందీ సినిమా పాటలు. 1990ల్లో ఛానెల్ వీ, ఎంటీవీ వచ్చాక ఇండీపాప్‌కు, అంటే సినిమాకు బయట వచ్చిన మన పాప్‌కు, కౌంట్‌డౌన్లు వచ్చాయి. సినిమాకు బయట వచ్చిన ఆల్బమ్‌లను అమెరికాలోలా బార్‌కోడ్‌తో వారం వారం లెక్కపెట్టిన చార్టు మనకు లేదు. దొంగ క్యాసెట్ల అమ్మకాలైతే ఏ లెక్కలోకీ రావు. అందుకే మూడో ఆల్బమ్‌ను నంబర్ చూసి కాకుండా, మీ చుట్టూ ఉన్నవాళ్లను అడిగి ఎంచుకోవాలి.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే కొన్ని పేర్లు చెబుతాను. బిడ్డు సంగీతంలో నాజియా హసన్ పాడిన ‘డిస్కో దీవానే’ 1981. అదే బిడ్డు చేసిన అలీషా చినాయ్ ‘మేడ్ ఇన్ ఇండియా’ 1995. లక్కీ అలీ ‘సునో’ 1996. హరిహరన్, లెస్లీ లూయిస్ కలిసి చేసిన ‘కలోనియల్ కజిన్స్’ కూడా 1996. ఏ.ఆర్. రెహమాన్ ‘వందేమాతరం’ 1997. తెలుగులో కావాలంటే రమణ గోగుల సినిమాల్లోకి రాకముందు చేసిన ‘ఆయే లైలా’ వెతకండి, స్మిత ‘హాయ్ రబ్బా’ వెతకండి. తెలుగు పాప్ గురించి మనం చాలా తక్కువ మాట్లాడుకున్నాం. తెలుగు వినేవాళ్లుగా మనమే దాన్ని పట్టించుకోకపోతే ఇంకెవరూ పట్టించుకోరు. మూడింటిలో ఒకటి తెలుగుదైతే నాకు సంతోషం.

సరైన ఎడిషన్ పట్టుకోండి

స్ట్రీమింగ్ యాప్‌లో ఆల్బమ్ పేరు కొడితే నాలుగైదు కనిపిస్తాయి. డీలక్స్ ఎడిషన్, వార్షికోత్సవ ఎడిషన్, రీమాస్టర్, ఎక్స్‌పాండెడ్. మీకు కావాల్సింది మొదట విడుదలైనప్పుడు ఉన్న పాటలు, అదే వరుసలో. ముందుగా ఆ అసలు పాటల జాబితాను ఒక కాగితం మీద రాసుకోండి. ఎక్కడ సైడు మారుతుందో గీత గీసుకోండి.

ఫ్లీట్‌వుడ్ మ్యాక్ ‘రూమర్స్’ 1977లో వచ్చింది, అమెరికా చార్టులో 31 వారాలు మొదటి స్థానంలో ఉంది. రికార్డు మీద ‘సాంగ్‌బర్డ్’తో మొదటి సైడు చాలా మెల్లగా ముగుస్తుంది. తిప్పి పెడితే రెండో సైడు ‘ద చెయిన్’తో మొదలవుతుంది. బృందంలో ఐదుగురి పేర్లూ రచయితలుగా ఉన్న పాట అది. 2004 ఎడిషన్‌లో ఈ రెంటి మధ్య ‘సిల్వర్ స్ప్రింగ్స్’ అనే పాట చేర్చారు. మంచి పాటే, అప్పట్లో చోటు లేక ఆల్బమ్ నుంచి తీసేసిన పాట. అయినా అది మధ్యలో వస్తే 1977లో జనం విన్న ఆల్బమ్ మారిపోతుంది. దాన్ని విడిగా తర్వాత వినండి.

‘థ్రిల్లర్’ అయితే 9 పాటలు, 42 నిమిషాలు. తొమ్మిదో పాట ‘ద లేడీ ఇన్ మై లైఫ్’ అయిపోగానే ఆపేయండి. 25 ఏళ్ల ఎడిషన్, 40 ఏళ్ల ఎడిషన్లలో దాని తర్వాత రీమిక్స్‌లు, మిగిలిపోయిన పాటలు వరసగా వస్తాయి. అవి అసలు ఆల్బమ్‌లోవి కావు.

రీమాస్టర్ గురించి ఒక మాట. పాత రికార్డింగ్ ధ్వనిని మళ్లీ సర్ది విడుదల చేయడమే రీమాస్టర్. 1990ల చివరి నుంచి వచ్చిన చాలా రీమాస్టర్లలో ధ్వని మొత్తాన్ని పైకి నెట్టి, మెల్లని చోటుకూ గట్టి చోటుకూ మధ్య తేడా తగ్గించేశారు. మొదట వినగానే బాగున్నట్టే ఉంటుంది, పది నిమిషాల్లో చెవి అలసిపోతుంది. పాత సీడీని, కొత్త రీమాస్టర్‌ను పోల్చేటప్పుడు రెండింటి వాల్యూమ్ ఒకే స్థాయికి తెచ్చి వినండి. లేకపోతే గట్టిగా ఉన్నదే మేలని చెవి ఒప్పేసుకుంటుంది.

యాప్‌లో షఫుల్ ఆపండి. ఒక పాట చివరను తర్వాతి పాట మొదలుతో కలిపేసే క్రాస్‌ఫేడ్ ఆపండి. ఆటోప్లే ఆపండి. యూట్యూబ్‌లో ఎవరో పేర్చిన ప్లేలిస్ట్ అయితే మీరు రాసుకున్న కాగితంతో సరిచూసుకోండి, వరుస తప్పడం మామూలే.

మన దగ్గర క్యాసెట్లు ఎక్కడ దొరుకుతాయి

ఇండీపాప్, తెలుగు పాప్ ఆల్బమ్‌లు చాలావరకు యాప్‌లలో పూర్తి వరుసలో ఉండవు. ఒకటి రెండు పాటలు ఉంటాయి, మిగతావి మాయం. అప్పుడు క్యాసెట్టే దిక్కు. ఉత్తర తెలంగాణలో ఉన్నవాళ్లకు ఈ విషయంలో మంచి అవకాశం ఉంది.

మొదటి చోటు గల్ఫ్ ఇళ్లు. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, ఆర్మూర్ వైపు ఒకప్పుడు దుబాయ్, మస్కట్ పోయి వచ్చిన ప్రతి పెట్టెలోనూ సెంటు, దుప్పటి, టూ ఇన్ వన్ ఉండేవి. టూ ఇన్ వన్‌తో పాటు నాలుగైదు క్యాసెట్లు కూడా వచ్చేవి. బోనీ ఎం, ఆబా, మైకేల్ జాక్సన్. ఇంట్లో అవి ఎవరూ వినకపోయినా పారేయలేదు. పోయి మర్యాదగా అడగండి. “కాకా, దుబాయ్ నుంచి తెచ్చిన పాత ఇంగ్లీష్ క్యాసెట్లు ఏమన్న ఉన్నయా?” అంటే, “అటక మీద డబ్బాల ఉన్నయ్ బిడ్డా, ఎలకలు గొట్టకుంటే నీ అదృష్టం” అని నిచ్చెన చూపిస్తారు.

రెండో చోటు వరంగల్ ఆర్‌ఈసీ (రీజనల్ ఇంజినీరింగ్ కాలేజీ) చుట్టుపక్కల. ఇప్పటి నిట్టే. 1959లో పెట్టిన ఆ కాలేజీలో సగం సీట్లు ఇతర రాష్ట్రాల వాళ్లకు ఉండేవి. బెంగాల్, ఢిల్లీ, ఈశాన్య రాష్ట్రాల నుంచి వచ్చిన పిల్లలతో పాటు వాళ్ల క్యాసెట్లూ కాజీపేట స్టేషన్‌లో దిగాయి. కోర్సు అయిపోయాక లగేజీ తగ్గించుకోవడానికి స్థానిక స్నేహితులకు ఇచ్చేసి వెళ్లేవారు. మీ బంధువుల్లో ఆ కాలేజీలో చదివినవాళ్లు, పనిచేసినవాళ్లు ఉంటే అడగండి. కాజీపేట రైల్వే క్వార్టర్లలో ఉండి రిటైరైన కుటుంబాలను కూడా అడగాలి. దేశమంతా బదిలీల మీద తిరిగిన ఇళ్లవి.

మూడోది పాత రికార్డింగ్ షాపులు నడిపినవాళ్లు. హన్మకొండలో, వరంగల్‌లో, కరీంనగర్‌లో ఖాళీ క్యాసెట్ ఇచ్చి, కాగితం మీద పాటల పేర్లు రాసిస్తే ఎక్కించి ఇచ్చే షాపులు ఉండేవి. షాపులు మూతపడి మొబైల్ రీచార్జ్ దుకాణాలయ్యాయి కానీ మాస్టర్ క్యాసెట్లు కొందరి ఇళ్లలో ఇంకా ఉన్నాయి. ఎక్కించిన క్యాసెట్‌ను అసలు ఆల్బమ్‌గా తీసుకోవద్దు, వరుస మారి ఉంటుంది, ఒక పాట తగ్గి ఉంటుంది. అయినా దాన్ని పారేయొద్దు. దాని లోపలి అట్ట మీద చేతిరాత ఉంటుంది, అది చివర్లో పనికొస్తుంది.

క్యాసెట్‌ను వెంటనే పెట్టేయకండి

ముందు క్యాసెట్ మధ్యలో ఉండే చిన్న కిటికీ నుంచి రీలు అంచు చూడండి. తెల్లటి పొడి కనిపిస్తే బూజు పట్టినట్టు. దాన్ని టేపురికార్డర్‌లో పెడితే బూజు హెడ్‌కు (రీలు మీది పాటను చదివే భాగానికి) అంటుకుని తర్వాత పెట్టిన ప్రతి క్యాసెట్‌కూ పాకుతుంది. అలాంటిది పక్కన పెట్టండి, తెలిసినవాళ్లతో శుభ్రం చేయించండి.

తర్వాత రీలు బయటికి కనిపించే అంచు మధ్యలో, రీలు వెనకాల ఉండే చిన్న మెత్తని ముక్కను చూడండి. రీలును హెడ్‌కు అదిమి పెట్టేది అదే. అది ఊడిపోతే పాట దుప్పట్లోంచి వినిపించినట్టు ఉంటుంది. పనికిరాని వేరే క్యాసెట్ విప్పి, అందులోంచి తీసి అమర్చవచ్చు. చాలా క్యాసెట్లకు ఐదు చిన్న స్క్రూలే ఉంటాయి.

క్యాసెట్ పై అంచున రెండు చిన్న ప్లాస్టిక్ నాలుకలు ఉన్నాయేమో చూడండి. కంపెనీ క్యాసెట్లకు సాధారణంగా ఉండవు. ఎక్కించిన వాటికి ఉంటే విరగ్గొట్టేయండి. అప్పుడు పొరపాటున రికార్డ్ బటన్ నొక్కినా పాట చెరిగిపోదు.

ఆరు పలకల పెన్సిల్ చక్రంలో పెట్టి వదులు పోయేదాకా తిప్పండి. తర్వాత ఒకసారి చివరిదాకా ముందుకు, ఒకసారి పూర్తిగా వెనక్కి తిప్పండి. ఇరవై ఏళ్లు ఒకే చుట్టలో ఉన్న రీలు పొరలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి, అలా తిప్పితే విడతాయి.

టేపురికార్డర్ సంగతికి వస్తే, హెడ్‌ను, రబ్బరు రోలర్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కాస్త తడిపిన ఇయర్‌బడ్‌తో తుడవండి. దూది గోధుమ రంగులోకి మారుతుంది, తెల్లగా వచ్చేదాకా మార్చి మార్చి తుడవాలి. ఆరాకే క్యాసెట్ పెట్టాలి. చాలాకాలం వాడని మెషీన్‌లో బెల్టు సాగిపోయి ఉంటుంది, అప్పుడు పాట నెమ్మదిగా, గొంతు బరువుగా వస్తుంది. తేల్చుకోవడం తేలిక. నిడివి తెలిసిన పాట ఒకటి పెట్టి ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కండి. ఆల్బమ్‌లో ‘బిల్లీ జీన్’ 4 నిమిషాల 54 సెకన్లు. మీ మెషీన్‌లో 5 నిమిషాలు దాటితే బెల్టు మార్పించండి. రేడియోలు, యాంప్లిఫయర్లు బాగుచేసే పాత మెకానిక్‌లు వరంగల్‌లో ఇంకా ఉన్నారు, బెల్టు మార్చడం వాళ్లకు చిన్న పని.

మొదటిసారి వినడం

ఆల్బమ్ ఎంత నిడివి ఉంటే అంత ఖాళీ సమయం పెట్టుకోండి. ఫోన్ వేరే గదిలో పెట్టండి. స్పీకర్ మేలు, లేకపోతే తీగ ఉన్న ఇయర్‌ఫోన్స్. ఏ సైడు అయ్యాక లేచి, రెండు నిమిషాలు ఆగి బి సైడు పెట్టండి. యాప్‌లో వింటున్నా సరే, గీత గీసుకున్న చోట ఆపండి. ఎల్పీ రికార్డుకు ఒక్కో వైపు 22 నిమిషాలే బాగా పట్టేది. ఆ హద్దు లోపల ఆల్బమ్‌ను కట్టినవాళ్లు బి సైడు మొదటి పాటను మళ్లీ ఒక ఆరంభంలా పెట్టారు. ‘థ్రిల్లర్’లో ఆ చోట ‘బీట్ ఇట్’ ఉంది. దాని వెంటనే ‘బిల్లీ జీన్’, ఆ వెంటనే ‘హ్యూమన్ నేచర్’. కోపం, భయం, తర్వాత రాత్రి గాలిలాంటి ఆ మూడో పాట. మూడింటినీ విడివిడిగా ఎన్నిసార్లు విన్నా ఈ మలుపు తెలియదు.

సీడీ వచ్చాక లెక్క మారింది. 74 నిమిషాలు, ఇంకా కొంచెం ఎక్కువ కూడా పట్టడంతో ఆల్బమ్‌లు సాగాయి. అదే మైకేల్ జాక్సన్ 1991లో చేసిన ‘డేంజరస్’లో 14 పాటలు, దాదాపు 77 నిమిషాలు. దాన్ని ఒక్క బిగిన వినాలని పట్టుబట్టకండి. మొదటి ఆరు పాటలు టెడ్డీ రైలీతో కలిసి చేసినవి, గట్టి దరువు మీద నడుస్తాయి. ఏడోదైన ‘హీల్ ద వరల్డ్’ నుంచి గాలి మారుతుంది. ఆరు దగ్గర ఆపి, మర్నాడు ఏడు నుంచి మొదలుపెట్టండి. ఈ ఆల్బమ్‌నే 1992 జనవరి 11 నాటి చార్టులో రాక్ బృందం నిర్వాణా ‘నెవర్‌మైండ్’ మొదటి స్థానం నుంచి దించింది. రెండూ వరుసగా వింటే ఆ జనవరిలో ఏం మారిందో చెప్పడానికి ఇంకో పుస్తకం అక్కర్లేదు.

మొదటిసారి వింటున్నప్పుడు పాటను దాటేయొద్దు, నచ్చకపోయినా సరే. మధ్యలో వెనక్కి తిప్పొద్దు. ఏమీ రాయొద్దు.

రెండోసారి, పేర్లు చదువుతూ

ఒకటి రెండు రోజులు ఆగి మళ్లీ వినండి. ఈసారి క్యాసెట్ అట్ట, సీడీ పుస్తకం చేతిలో పెట్టుకోండి. ఎవరు రాశారు, ఎవరు వాయించారు, ఎవరు కూర్చారు? అట్ట లేకపోతే డిస్కాగ్స్ వెబ్‌సైట్‌లో ఒక్కో ఎడిషన్ అట్ట ఫోటోతో సహా దొరుకుతుంది.

ఇక్కడే అసలు ఆనందం. ‘థ్రిల్లర్’లోని 9 పాటల్లో 7 సింగిల్స్‌గా వచ్చి, ఏడూ అమెరికాలో మొదటి పదిలోకి చేరాయి. రాని రెండు ‘బేబీ బీ మైన్’, ‘ద లేడీ ఇన్ మై లైఫ్’. రెంటినీ రాసింది రాడ్ టెంపర్టన్. అదే మనిషి ‘థ్రిల్లర్’ పాటనూ రాశాడు. ఆ పేరు పట్టుకుని ఈ మూడు పాటలూ వరుసగా విని చూడండి. స్వరాల మీద స్వరాలు పేర్చే తీరు మూడింటిలోనూ ఒకటే. హిట్ పాటలో వీడియో, డాన్స్ కప్పేసిన పనితనం హిట్ కాని పాటలో విప్పి చూపినట్టు వినిపిస్తుంది.

పేర్లు చదవకపోతే కొన్ని సంగతులు అసలే తెలియవు. బోనీ ఎంలో వేదిక మీద ఎగిరి గంతులేసిన బాబీ ఫారెల్‌ది కాదు రికార్డుల్లోని మగ గొంతు, అది నిర్మాత ఫ్రాంక్ ఫేరియన్‌ది. 1978లో వచ్చిన ‘నైట్‌ఫ్లైట్ టు వీనస్’లో ‘రస్‌పుటిన్’ ఆ చెవితో మళ్లీ వినండి. అదే ఫేరియన్ తయారుచేసిన మిల్లీ వనిల్లీ జంట ఆల్బమ్ 1989లో అమెరికాలో మొదటి స్థానానికి వెళ్లింది. పాడింది ఆ ఇద్దరూ కాదని తేలాక 1990 నవంబర్‌లో వాళ్ల గ్రామీ అవార్డును వెనక్కి తీసుకున్నారు. నిజంగా పాడినవాళ్లు ఎవరో తెలుసుకుని ఆ ఆల్బమ్ వినడం వాళ్లకు మనం ఇవ్వగలిగిన గౌరవం.

మన ఆల్బమ్‌లకూ ఇదే పద్ధతి. ‘డిస్కో దీవానే’, ‘మేడ్ ఇన్ ఇండియా’ రెంటి మీదా ఉన్న బిడ్డు బెంగళూరులో పుట్టి లండన్ వెళ్లినవాడు. 1974లో అమెరికా, బ్రిటన్ రెండు చోట్లా మొదటి స్థానంలో నిలిచిన ‘కుంగ్ ఫూ ఫైటింగ్’ నిర్మాత ఆయనే. మూడూ కలిపి వింటే ఇరవై ఏళ్ల డిస్కో దరువు ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చిందో చెవికి అందుతుంది. ‘వందేమాతరం’లో టైటిల్ పాట అందరికీ కంఠతా వచ్చు. నుస్రత్ ఫతే అలీ ఖాన్‌తో రెహమాన్ కలిసి పాడిన ‘గురూస్ ఆఫ్ పీస్’ ఎంతమందికి గుర్తుంది? ఆల్బమ్ వచ్చిన 1997 ఆగస్టులోనే, 16న నుస్రత్ చనిపోయారు.

క్యాసెట్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించడం

ఇది కష్టమేమీ కాదు. టేపురికార్డర్ హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి ల్యాప్‌టాప్ మైక్ లేదా లైన్ ఇన్‌కు 3.5 ఎంఎం తీగ కలపండి. కొత్త ల్యాప్‌టాప్‌కు ఆ రంధ్రం లేకపోతే చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు సరిపోతుంది. ఉచితంగా దొరికే ఆడాసిటీ ప్రోగ్రాంలో రికార్డ్ నొక్కండి. పాటలో అన్నిటికన్నా గట్టిగా ఉన్న చోట మీటరు మైనస్ 6 దగ్గర ఆగేలా వాల్యూమ్ సర్దుకోండి, ఎర్ర గీత తాకితే శబ్దం చిట్లుతుంది. సైడు మొత్తం ఒకే ఫైలుగా తీసి, తర్వాత ముక్కలు చేసుకోండి. ధ్వని నాణ్యత తగ్గించని ఫ్లాక్ ఫైలు రూపంలో దాచండి. క్యాసెట్ ఇచ్చినవాళ్లకు ఒక పెన్‌డ్రైవ్‌లో కాపీ ఇవ్వండి, నెట్‌లో మాత్రం పెట్టొద్దు, హక్కులు వేరేవాళ్లవి.

మీ ఊరి చార్టు మీరే కట్టండి

అప్పుడు మన దగ్గర లెక్కపెట్టినవాళ్లు లేరు. ఇప్పుడు మనం లెక్కపెట్టవచ్చు. ఎక్కించిన క్యాసెట్ల అట్టల మీద, వెనక పేజీల్లో బాల్‌పెన్‌తో రాసిన పాటల పేర్లే వరంగల్‌కు, కరీంనగర్‌కు ఆ రోజుల చార్టు. డబ్బిచ్చి కావాలని ఎక్కించుకున్న పాటలవి, అంతకన్నా నమ్మకమైన ఓటు ఇంకోటి లేదు.

క్యాసెట్ల కోసం వెళ్లిన ప్రతి ఇంట్లో అట్టలకు రెండు వైపులా ఫోటో తీసుకోండి. వాళ్ల అనుమతి అడిగాకే. ఒక నోట్‌బుక్‌లో నాలుగు గళ్లు గీయండి: పాట, ఆల్బమ్, ఎక్కించిన ఏడాది, ఏ ఊరు. ఒకే ఇంట్లో ఒక పాట మూడు క్యాసెట్లలో ఉన్నా ఒకటిగానే లెక్కపెట్టండి, లేకపోతే ఒక్క పిచ్చి అభిమాని చార్టును తిప్పేస్తాడు. కంపెనీ క్యాసెట్లను, ఎక్కించిన వాటిని వేరువేరు పేజీల్లో రాయండి. సినిమా పాటలను కలపొద్దు, కలిపితే పాప్ అడుగున పడిపోతుంది.

“మా ఇంట్లో అది ఉండే, ఇప్పుడు లేదు” అని చాలామంది అంటారు. అది కూడా రాయండి, కానీ వేరే గడిలో. కంటితో చూసిందీ జ్ఞాపకం మీద చెప్పిందీ కలిపేస్తే ఫోన్‌లో దుకాణాలను అడిగిన పాత బిల్‌బోర్డ్ పద్ధతికే వస్తాం. ఇప్పుడు బాగా పేరున్న పాటలే అందరికీ గుర్తుంటాయి, అప్పుడు విని మరిచిపోయినవి అట్టల మీదే ఉంటాయి.

ఏడాది రాయని అట్టలు చాలా వస్తాయి. వాటిలోని అన్నిటికన్నా కొత్త పాట ఏ ఏడాదిదో చూడండి, క్యాసెట్ అంతకన్నా ముందుది కాదు. ఖాళీ క్యాసెట్ ఏ కంపెనీదో, దాని అట్ట డిజైన్ ఎలా ఉందో కూడా రాసుకోండి. పక్కింట్లో ఏడాది రాసి ఉన్న అదే డిజైన్ దొరికితే రెండూ కలుస్తాయి. అమ్మాయిలు ఎక్కించుకున్నవి, అబ్బాయిలు ఎక్కించుకున్నవి అట్ట మీది పేరును బట్టి తెలిస్తే ఆ సంగతీ పక్కన రాయండి. పేర్లు మాత్రం బయట ఎక్కడా పెట్టొద్దు.

లెక్క తేలాక పైన వచ్చిన పది పాటలు ఏయే ఆల్బమ్‌లలోవో చూడండి. మీరు విన్న మూడింటిలో లేనిది ఒక్కటైనా ఉంటుంది. తర్వాత వినాల్సిన ఆల్బమ్ అదే.